ఆటు వేళ పగడపు దిబ్బపై ఒట్టి కాళ్లతో నడవొద్దు

సెలవులకు అండమాన్ వెళ్లే తెలుగు కుటుంబాలకు ఇప్పుడు కొదవ లేదు. నీల్ ఐలాండ్‌గా మనకు తెలిసిన శహీద్ ద్వీప్‌లో సహజ రాతి వంతెన చూడాలంటే ఆటు వేళ, నీళ్లు తీసిన పగడపు దిబ్బ మీదుగా నడవాలి. అక్కడ చెప్పులు చేత పట్టుకుని, పిల్లల్ని గుంటల్లోకి దించి ఫొటోలు తీసుకునేవారు ఒక్క మాట వినాలి. కాలి కింద ఉన్నది రాయి కాకపోవచ్చు.

స్టోన్‌ఫిష్ అనే చేప ఉండేది సరిగ్గా అలాంటి చోటే. ఎర్ర సముద్రం నుంచి పసిఫిక్ దీవుల దాకా పగడపు దిబ్బల్లో, విరిగిన పగడపు ముక్కల మధ్య, మోకాలి లోతు నీళ్లలో అది మకాం వేస్తుంది. మన అండమాన్, లక్షద్వీప్, మన్నార్ సింధుశాఖల్లోనూ ఉంది. జానెడు నుంచి మూరెడు లోపు పొడవు. పొలుసులు ఉండవు. ఒళ్లంతా బుడిపెలు, వాటిపై నాచు. బూడిద, గోధుమ రంగుల మీద అక్కడక్కడ ఎరుపో పసుపో మచ్చలు. చిన్న కళ్లు, పైకి తిరిగిన నోరు. పక్కనే ఉన్నా పోల్చుకోవడం కష్టం.

ఇది తరిమి కరిచే చేప కాదు. అసలు ప్రమాదం అది కదలకపోవడంలోనే ఉంది. అడుగు చప్పుడుకు మిగతా చేపలు పారిపోతాయి, ఇది ఉన్నచోటే ఉంటుంది. వీపు మీద 13 గట్టి ముళ్లు, ఒక్కో ముల్లుకు రెండు విషపు తిత్తులు. పాదం బరువు పడగానే విషం ముల్లు గాడి వెంట గాయంలోకి చిమ్ముతుంది. పలచటి రబ్బరు చెప్పును ముల్లు దూసుకుపోగలదు. నీళ్లు తీసేశాక కూడా ఈ చేప గంటల తరబడి బతుకుతుంది. చచ్చిన చేప ముల్లు గుచ్చుకున్నా ముప్పే. కాబట్టి వల దులిపేటప్పుడు మత్స్యకారులు దాన్ని ఒట్టి చేత్తో తీయకూడదు.

గుచ్చుకున్న క్షణం నుంచే భరించలేని నొప్పి, వాపు. విషం ఎక్కువైతే వాంతులు, రక్తపోటు పడిపోవడం, ఊపిరాడకపోవడం, గుండె లయ తప్పడం. ప్రాణం మీదికి రావచ్చు.

అప్పుడేం చేయాలి? ముందు మనిషిని నీళ్లలోంచి బయటికి తేవాలి. గాయమైన కాలిని తట్టుకోగలిగినంత వేడినీళ్లలో, అంటే సుమారు 45 డిగ్రీల వేడిలో, 30 నుంచి 90 నిమిషాలు ఉంచాలి. వేడికి ఈ విషం విరిగి, నొప్పి తగ్గుతుంది. నొప్పిలో ఉన్నవారికి వేడి తెలియదు గనక పక్కవారు చెయ్యి పెట్టి చూడాలి. దగ్గర్లోని టీ కొట్టును అడిగినా వేడినీళ్లు దొరుకుతాయి. ఐసు పెట్టొద్దు, గాయం కోయొద్దు, పాముకాటుకు కట్టినట్టు కట్టు కట్టొద్దు. లోతుగా దిగిన ముల్లును పీకొద్దు. కాలు వేడినీళ్లలో ఉంటుండగానే ఆసుపత్రికి తరలించే ఏర్పాటు చూడాలి. విరుగుడు మందు ఆస్ట్రేలియాలో తయారవుతుంది. అది ఇక్కడ దొరుకుతుందన్న ధీమాతో ఆలస్యం చేయొద్దు.

విశాఖ రాళ్ల తీరంలో తిరిగే లయన్‌ఫిష్, స్కార్పియన్‌ఫిష్ కూడా దీనికి చుట్టాలే. వాటి ముల్లు గుచ్చుకున్నా ప్రథమ చికిత్స వేడినీళ్లే.

దిబ్బ మీదికి వెళ్తే మందపాటి అట్ట ఉన్న బూట్లు వేసుకోండి. ఇసుక దారిలో, గైడు చూపిన చోటే అడుగు వేయండి. రాళ్లు తిరగేయొద్దు, సందుల్లో చేతులు పెట్టొద్దు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద పగడాలకు రక్షణ ఉంది, వాటిని విరిచి తెచ్చుకోవడం నేరం కూడా.

ఇక ప్యాకేజీలు అమ్మే ట్రావెల్స్ వారికి ఒక మాట. టికెట్‌తో పాటు ఈ హెచ్చరిక కూడా తెలుగులో చేతికివ్వండి. దిబ్బకు దారితీసే ప్రతి తీరంలో అధికారులు చేప బొమ్మతో బోర్డు పెట్టాలి, వేడినీళ్లు సిద్ధంగా ఉంచాలి. ఖర్చు స్వల్పం. ఒకరి ప్రాణం పోయేదాకా ఆగాల్సిన పని లేదు.