కడుపులోని బిడ్డ చేసిన నేరమేమిటి?

తామారు గర్భవతి అని తెలియగానే ఆమె మామ యూదా విచారణ లేకుండానే తీర్పు చెప్పేశాడు. ఆమెను బయటికి ఈడ్చి కాల్చివేయమన్నాడు (ఆది. 38:24). కడుపులోని పసివాళ్ల సంగతే అతనికి తోచలేదు. తన ముద్ర, దారం, కర్ర కళ్లెదుట పెట్టాక గాని ఆమె తనకన్నా నీతిమంతురాలని ఒప్పుకోలేదు. ఆ తీర్పే అమలై ఉంటే పెరెసు పుట్టేవాడు కాదు. యేసుప్రభువు వంశావళిలో ఆ తల్లి పేరూ, ఆ బిడ్డ పేరూ ఉన్నాయి (మత్తయి 1:3).

నేటి చట్టం యూదా కన్నా దయగలది. అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రతివాదిగా ఉన్న ఆర్.డి.ఉపాధ్యాయ్ కేసులో సుప్రీంకోర్టు 2006 ఏప్రిల్ 13న స్పష్టమైన ఆదేశాలిచ్చింది. గర్భవతిని జైలుకు పంపేముందు అక్కడ వైద్యసౌకర్యాలున్నాయో లేదో చూడాలి. వీలైనంతవరకు కాన్పు జైలు బయట ఆస్పత్రిలో జరగాలి. బిడ్డ పుట్టిన చోటుగా జైలు పేరు రాయకూడదు. ఆరేళ్లు వచ్చేదాకా బిడ్డ తల్లి దగ్గర ఉండవచ్చు గాని ఆ బిడ్డను ఖైదీగా చూడకూడదు. మరణశిక్ష పడిన స్త్రీ గర్భవతి అయితే హైకోర్టు దాన్ని యావజ్జీవ శిక్షగా మార్చాలని 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన నాగరిక సురక్షా సంహిత చెబుతోంది.

మరి తప్పు చేసినవారికి శిక్ష వద్దా? కావాలి. కాని మన జైళ్లలో ఎక్కువమంది నేరం ఇంకా రుజువు కాని విచారణ ఖైదీలే. స్త్రీలకు బెయిలు ఇచ్చేందుకు చట్టంలో ప్రత్యేకమైన వీలుంది. బెయిలు వచ్చినా జామీను పడేవారు లేక పేదరాలు లోపలే ఉండిపోతే, నెలలు నిండేది అక్కడే.

ఇక్కడే సంఘం పని మొదలవుతుంది. క్రిస్మస్‌కు జైలులో పండ్లు పంచి రావడం మంచిదే, కాని అది చాలదు. చెరలో ఉన్నవారితో మనమూ చెరలో ఉన్నట్టే వారిని తలచుకోమంది వాక్యం (హెబ్రీ. 13:3). వర్ని, బోధన్ పల్లెల్లో కూలిపని చేసుకునే గర్భవతి కేసులో చిక్కుకుంటే మన సంఘంలో జామీనుకు నిలబడేదెవరు? ఆదాయంతో పని లేకుండా ప్రతి స్త్రీకీ ఉచిత న్యాయసహాయం ఉందని చెప్పి నిజామాబాద్‌లోని జిల్లా న్యాయసేవాధికార సంస్థకు తీసుకెళ్లేదెవరు? బిడ్డతో తిరిగొచ్చిన ఆమెకు ఆదివారం తన పక్కన చోటిచ్చేదెవరు?

జైలు పేరు జనన పత్రంలో రాయవద్దంది కోర్టు. కోర్టు రాయవద్దన్న మాటను మన నాలుక ఆ బిడ్డ నుదుట రాయకుండా చూసుకుందాం.