నీళ్ళలో గేదెకు బేరం

గేదె నీళ్ళలో ఉండగా బేరమాడకూడదని మన పెద్దలు చెప్పారు. నీళ్ళలో ఉన్న గేదెకు వీపు మాత్రమే కనిపిస్తుంది. కుంటిదో, వట్టిపోయిందో గట్టెక్కితేగాని తెలియదు. డెబ్బయ్యో పడి దాటాక, అమెరికాలో, గేదె కానిదానికోసం ఈ సామెత వాడవలసి వస్తుందని మాత్రం నేను కలలో కూడా అనుకోలేదు.

పోయిన ఏడాది మా ఆవిడా నేనూ ఆరు నెలలు న్యూజెర్సీలో మా పెద్దవాడి దగ్గర ఉన్నాం. ఎడిసన్ అనే ఊరు. పేరుకు అమెరికాగాని, సాయంత్రం వీధిలోకి వెడితే సగం తెనాలి అక్కడే కనిపిస్తుంది. ఒక రాత్రి భోజనాలయ్యాక మావాడు సెల్‌ఫోను నా ముందు పెట్టి, “ఇదెలా ఉంది నాన్నా?” అన్నాడు. చూస్తే ట్రంకుపెట్టెలాంటి నల్లటి పెట్టె. ముందు గుడ్డ, పైన పిడి, అయిదారు మరలు.

“ఏమిట్రా ఇది?”

“బొటీక్ ఆంప్లిఫయర్. గిటారుకి.”

బొటీక్ అంటే మా వీధి చివర జాకెట్లు కుట్టే కొట్టు. ఆ మాటే అన్నాను. వాడు నవ్వి, “ఇదీ అంతే నాన్నా. ఫ్యాక్టరీలో వేలకు వేలు చేసింది కాదు. ఒక్క మనిషి కూచుని తన చేత్తో టంకం పెట్టి చేసింది” అన్నాడు.

“ఎంతట?”

“వాడినది పదిహేను వందల డాలర్లు. కొత్తదయితే దాదాపు రెట్టింపు.”

లెక్కవేశాను. లెక్కవేయవద్దని అమెరికా వెళ్ళిన ప్రతి తండ్రికీ పిల్లలు చెబుతారు. ప్రతి తండ్రీ వేస్తాడు. లక్షా పాతిక వేల పైమాట! అప్పటిదాకా వంటింట్లో గలగలమంటున్న గిన్నెలు కూడా ఠక్కున ఆగిపోయాయి. కోడలు వింటోందన్నమాట.

ఎలక్ట్రిక్ గిటారు తనంతట తాను దోమంత చప్పుడు చేస్తుంది. దాన్ని నలుగురికీ వినిపించేది ఈ పెట్టె. దీని వంశచరిత్ర మావాడు ఆ రాత్రే నాకు చెప్పాడు. లియో ఫెండర్ అనే ఆయన 1938లో కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్‌లో రేడియోలు బాగుచేసే కొట్టు పెట్టాడట. ఆయనకు గిటారు వాయించడం రాదుగాని, ప్రపంచమంతా వాయించే గిటార్లూ ఆంప్లిఫయర్లూ చేశాడు. ఆయన చేసిన బాస్‌మాన్ అనే పెట్టెను ఆధారం చేసుకుని, లండన్‌లో డ్రమ్ముల కొట్టు నడిపే జిమ్ మార్షల్ మనుషులు 1962లో తమది తయారుచేశారు. ఆ తరవాత ఫ్యాక్టరీ సరుకు నచ్చని కొందరు మొండిఘటాలు ఒంటిచేత్తో చెయ్యడం మొదలుపెట్టారు. డంబుల్ అనే ఆయన తన లోపలి పనితనం ఎవరూ కాపీ కొట్టకుండా దానిమీద జిగురు పోసి గట్టిపరిచేవాడు. ఆయన 2022లో పోయాడు. ఆయన చేసిన పాత పెట్టెలు లక్ష డాలర్లు దాటి అమ్ముడవుతున్నాయి. ఎడిసన్‌కు పక్కనే ఉన్న కొలోనియాలో కెన్ ఫిషర్ అనే ఆయన ఉండేవాడు. తన పెట్టెలకు నంబర్లకు బదులు ఆడపిల్లల పేర్లు పెట్టేవాడు. 2006లో ఆయనా పోయాడు.

ఇంతా చేసి వీటి లోపల ఏముందనుకున్నారు? వాల్వులు! మన చిన్నప్పటి రేడియోలో వెలిగే గాజుబుడ్లే. ఎడిసన్ మహాశయుడు 1880ల్లో తన దీపం బుడ్డిలో ఒక వింత గమనించాడు. దాన్ని పట్టుకుని ఫ్లెమింగ్ 1904లో మొదటి వాల్వు చేశాడు. డిఫారెస్టు 1906లో అందులో మూడో ముక్క చేర్చాడు. అక్కణ్ణించి సన్నని ధ్వనిని పెద్దది చెయ్యడం వచ్చింది. 1947లో ఇదే న్యూజెర్సీలో, బెల్ ప్రయోగశాలలో ట్రాన్సిస్టరు పుట్టి వాల్వులకు నూకలు చెల్లేలా చేసింది. కాని గిటారువాళ్ళు ససేమిరా వదల్లేదు. గట్టిగా వాయిస్తే ట్రాన్సిస్టరు ధ్వనిని కత్తెరతో కోసినట్టు కోస్తుందట. వాల్వు మెల్లగా వంచుతుందట. ఆ వంపులో పుట్టే గరగర కోసమే ఇన్ని డాలర్లూ!

వాల్వు అనగానే నాకు ప్రాణం లేచివచ్చింది. 1960ల్లో తెనాలిలో మా చిన్నాన్నకు రేడియోలు బాగుచేసే కొట్టుండేది. సెలవుల్లో నా నివాసం అక్కడే. అంచేత, “నేనూ వస్తాను, పెట్టెను చూడందే డబ్బు పంపకు” అన్నాను. ఫోటోలు చూసి బేరమాడటమంటే నీళ్ళలో గేదెకు బేరమే గదా.

నేను వెళ్ళడానికి మరో కారణం కూడా ఉంది. మావాడు ఇంటర్ రెండో సంవత్సరంలో ఉండగా వాడి గిటారును అటక ఎక్కించిన మహానుభావుణ్ణి నేనే. ఎంసెట్ అయ్యాక దించుతానన్నాను. ఎంసెట్ అయింది, ఇంజనీరింగు అయింది, ఉద్యోగమయింది, పెళ్ళయింది. ఆ గిటారు సంగతి వాడు అడగలేదు, నేను దించలేదు.

ఆదివారం నాడు గంటన్నర ప్రయాణం చేసి పెన్సిల్వేనియాలో ఆ అమ్మే ఆయన ఇంటికి వెళ్ళాం. నా ఈడువాడే. కీళ్ళవాతంతో వేళ్ళు వంకర్లు పోయాయి, వాయించలేక అమ్ముతున్నాడు. మమ్మల్ని కారు షెడ్డులోకి తీసుకెళ్ళాడు. పెట్టె అప్పటికే వెలుగుతోంది.

మా చిన్నాన్న కొట్టులో మొదటి పాఠం అదే: వేడెక్కిన రేడియో రోగం చెప్పదు. కొన్ని జబ్బులు చల్లగా ఉన్నప్పుడు స్విచ్చి వేస్తేనే బయటపడతాయి. “కాసేపు కట్టెయ్యండి, చల్లారనిద్దాం” అన్నాను. ఆయన నన్నొకసారి ఎగాదిగా చూసి, కట్టేసి, కాఫీ తెచ్చాడు.

ఈలోగా పెట్టెను వెనక్కి తిప్పి టార్చి వేసి చూశాను. స్పీకరు కాగితం ఎక్కడా చిరగలేదు. వాల్వుల పక్కన రెండు ట్రాన్స్‌ఫార్మర్లు వేలాడుతున్నాయి. ఒకదాని బోల్టులు మసకబారి ఉన్నాయి, రెండోదానివి తళతళలాడుతున్నాయి. ప్రకటనలో మాత్రం, లోపల ఒక్క భాగం కూడా మార్చలేదని ఉంది.

మావాడు నా చొక్కా లాగాడు. వాడికి మొహమాటం. నాకూ మొహమాటమే, కాని డెబ్బయ్యేళ్ళ తరవాత అది కొంచెం అరుగుతుంది. “ఈ ట్రాన్స్‌ఫార్మరు మార్చారా?” అని అడిగేశాను.

ఆయన కాసేపు మాట్లాడలేదు. తరవాత సొరుగులోంచి ఒక రసీదు తీశాడు. ఎనిమిదేళ్ళ క్రితం స్పీకరు తీగ ఊడిపోయింది చూసుకోకుండా గట్టిగా వాయించాడట. స్పీకరు తగిలించకుండా వాల్వు ఆంప్లిఫయరు నడిపితే ముందు బలయ్యేది ఆ ట్రాన్స్‌ఫార్మరే. మంచి మెకానిక్కు చేత మంచిదే వేయించాడు. పెట్టెకు వచ్చిన నష్టం లేదు. కాని “మార్చలేదు” అన్న మాటకు ఒక వెల ఉంటుంది. “ఆ మాట రాయకుండా ఉండవలసింది” అని ఆయనే అని, రెండువందల యాభై తగ్గించాడు.

అప్పుడు స్విచ్చి వేశాం. వాల్వు లోపలి తీగ ఎర్రగా వెలగాలి. దాని చుట్టూ ఉన్న రేకు మాత్రం ఎర్రబడకూడదు. ఎర్రబడితే శక్తికి మించి లాగుతోందన్నమాట. గాజు అంచున నీలంగా మెరిస్తే భయం లేదు. గుయ్యిమనే మోత ఎక్కువగా ఉంటే కండెన్సర్లు ఎండిపోయాయేమో అనుమానించాలి. పదిహేను, ఇరవై ఏళ్ళకు అవి మార్చవలసివస్తుంది. ఆ ఖర్చు బేరంలో కలుపుకోవాలి. తరవాత పెన్సిలు తీసుకుని ఒక్కొక్క వాల్వునే మెల్లగా తట్టాను. మూడు ఊరుకున్నాయి. ఒక చిన్నది మాత్రం స్పీకరులోంచి గణగణ గంట కొట్టింది. జబ్బు దానిదే.

కట్టేసి, చల్లారాక దాన్ని ఊడదీసి కళ్ళజోడు సవరించుకుని చూశాను. గాజుమీద వెలిసిపోయిన అక్షరాలు: బి.ఇ.ఎల్. ఇండియా! బెంగుళూరు భారత్ ఎలక్ట్రానిక్స్ వారిది. వారు 1961లో రేడియో వాల్వులు చెయ్యడం మొదలుపెట్టారు. మా చిన్నాన్న వాడినవీ అవే. అంతదూరం పోయి చూస్తే మనవాడు కనిపించాడు, జబ్బూ మనవాడికే! పెద్దాయన నవ్వి, తన సొరుగులోంచి వేరేది తీసి పెట్టాడు. స్లొవేకియాలో, రష్యాలో ఇప్పటికీ వీటిని చేస్తున్నారు కనక దొరక్కపోవడం లేదు.

ఇక మావాడు తన గిటారు తగిలించాడు. ఎప్పుడు కొన్నాడో, మాకెవరికీ తెలియదు. అరగంట వాయించాడు. అరగంటకు తక్కువ వాయించి ఏ పెట్టే కొనకూడదు. వేడికి కొన్ని తప్పులు అప్పుడే లేస్తాయి. మొదట వేళ్ళు తడబడ్డాయి. తరవాత ఒక వరస అందుకున్నాడు. అది నాకు తెలుసు. ఆ యేడు నేను తలుపు తోసుకుని లోపలికి వెళ్ళి “ఇహ చాలు, పుస్తకం తియ్యి” అన్నప్పుడు సగంలో ఆగిన వరస. ఈసారి పూర్తయింది. నేను టార్చి అటూ ఇటూ తిప్పుతూ స్పీకరు చూస్తున్నట్టు నటించాను. పెద్దాయన వంకర వేళ్ళతో తొడమీద తాళం వేస్తున్నాడు.

ఇలాంటిది కొనదలచినవారికి ఒకటి రెండు మాటలు. చేసిన మనిషి ఉన్నాడా, బాగుచేసి పెడతాడా అని ముందు కనుక్కోండి. అక్కడి కరెంటు 120 వోల్టులు, మనది 230. మధ్యలో వోల్టేజి తగ్గించే ట్రాన్స్‌ఫార్మరు లేకుండా ఇక్కడ ప్లగ్గు పెడితే పెట్టె దక్కదు. ముఖ్యంగా, మూత విప్పకండి. ప్లగ్గు పీకేసిన తరవాత కూడా కండెన్సర్లలో మూడు, నాలుగు వందల వోల్టులు నిలవుండగలవు. మా చిన్నాన్న అంతటివాడు ఎడమచెయ్యి జేబులో పెట్టుకునిగాని లోపల చెయ్యి పెట్టేవాడు కాదు. పేరు చూసి మురిసిపోకండి. పెట్టె ఆరోగ్యం చూసి కొనండి.

ఇంటికి వచ్చాక కోడలు పెట్టె చుట్టూ ఒకసారి తిరిగి, “బరువెంత మావయ్యగారూ?” అని మాత్రం అంది. నేను మా ఆవిడ దగ్గర కూచుని, నా ప్రజ్ఞవల్ల రెండువందల యాభై డాలర్లు, అంటే ఇరవై వేల రూపాయలకు పైగా మిగిలిందని గొప్పలు చెప్పుకున్నాను.

ఆవిడ చిక్కుడుకాయలు వలుస్తూ తలెత్తకుండానే అడిగింది:

“ఆనాడు వాడి గిటారు అటకెక్కించినప్పుడు ఎంత మిగిలిందండీ?”