చిన్న కారుకు మంచి సారథి



కిందటి నెలలో మా మేనల్లుడు ఏడుపుమొహం పెట్టుకుని మా ఇంటికి వచ్చాడు. వాడి చంకలో రేడియోతో నడిచే పందెపు కారు ఉన్నది. అసలు కారులో పదోవంతు ఉంటుందది. "మామయ్యా! కారు బాగానే పరుగెత్తుతున్నది గాని మలుపు దగ్గర నా మాట వినడం లేదు," అన్నాడు.

వాడు అప్పటికి రెండు సర్వోలు మార్చాడు. మొదటిది కారుతోపాటు వచ్చినది. కారు గోడకు కొట్టుకునేసరికి దాని లోపలి ప్లాస్టిక్ పళ్లు విరిగాయి. రెండోది పండక్కి అమ్మమ్మ ఇచ్చిన డబ్బుతో వాడే కొన్నాడు. అంగట్లో ఏ పెట్టె మీద అన్నిటికన్న పెద్ద అంకె ఉన్నదో చూచి, అది తెచ్చుకున్నాడు. ఆనాటి నుంచీ కారు మలుపు తిరగబోతూ, స్పృహ తప్పినట్టు క్షణంసేపు ఆగిపోతున్నది.

"నాన్న ఇంకొక్కటి కొనిపెడతానన్నారు. అదీ పాడైతే కారు అటక ఎక్కవలసిందేనట. పందెం మూడు వారాల్లో ఉన్నది," అన్నాడు వాడు.

ఇటువంటి చిక్కు మీలో కొందరికి కూడా వచ్చి ఉంటుంది. అందుకని ఈ నెల సర్వో సంగతి చెప్పుకుందాం. డబ్బు పెట్టేది పెద్దవాళ్లు గనుక, దీన్ని వాళ్లకు కూడా చదివి వినిపించండి.

సర్వో అంటే ఏమిటి?

కారు ముందు చక్రాలను కుడికీ ఎడమకీ తిప్పే చిన్న పెట్టె పేరు సర్వో. లాటిన్ భాషలో "సర్వుస్" అంటే సేవకుడు. జోసెఫ్ ఫార్కో అనే ఫ్రెంచి ఇంజనీరు 1873లో ఇటువంటి యంత్రాలను గురించి ఒక పుస్తకం అచ్చు వేయించాడు. ఆయన యంత్రాలు తిప్పినవి పెద్ద పెద్ద ఓడల చుక్కానులను! నావికుడు చిన్న పిడిని ఎంత తిప్పితే చుక్కాని అంత తిరిగేది. మన అరచేతిలో ఇమిడే సర్వో చేసేది కూడా ఆ పనే.

దాని లోపల నాలుగు వస్తువులు ఉంటాయి. ఒక చిన్న మోటారు. దాని వేగం తగ్గించి బలం పెంచే పళ్లచక్రాలు. పాత రేడియోలో చప్పుడు పెంచే మరవంటి పొటెన్షియోమీటరు. ఈ మూడింటినీ నడిపే చిన్న సర్క్యూటు.

మీరు చేతిలోని చక్రం తిప్పగానే, కారులోని రిసీవరు సర్వోకు విద్యుత్తు తట్టులు పంపుతుంది. మామూలుగా సెకనుకు 50 తట్టులు. తట్టు సెకనులో వెయ్యింట ఒకటిన్నర వంతు ఉంటే "తిన్నగా ఉండు" అని అర్థం. ఒక వంతుకు తగ్గితే ఒక పక్కకు, రెండు వంతులకు పెరిగితే రెండో పక్కకు తిరగమని అర్థం. ఇరుసు ఇప్పుడు ఎక్కడ ఉన్నదో పొటెన్షియోమీటరు చెబుతుంది. ఉండవలసిన చోటికీ ఉన్న చోటికీ తేడా పోయేదాకా సర్క్యూటు మోటారును తిప్పుతుంది. బండివాడు పగ్గం లాగి, ఎద్దు ఎటు తిరిగిందో చూచి, మళ్లీ సరిచేయడం లేదూ? అచ్చంగా అట్లాగే!

బలం ఎంత?

పెట్టె మీద "9 కిలో-సెంటీమీటర్లు" అని ఉంటే ఏమిటి అర్థం? ఇరుసు మధ్య నుంచి ఒక సెంటీమీటరు దూరంలో తాడు కడితే 9 కిలోల బరువును ఆపగలదని. రెండు సెంటీమీటర్ల దూరంలో కడితే నాలుగున్నర కిలోలే. నిండు చెంబును గుండెల దగ్గర పెట్టుకుని కాసేపు నిలబడండి. తరువాత చెయ్యి బారచాపి అదే చెంబును పట్టుకోండి. తేడా మీ భుజమే చెబుతుంది.

కొలతకు ఒకటి రెండు పేర్లు చెబుతాను. చిన్న బొమ్మలలో వాడే ఎస్.జి.90 రకం బరువు 9 గ్రాములు, బలం 1.8. ఎంతోకాలం కార్లకూ విమానాలకూ వాడిన ఫుటాబా ఎస్ 3003 బలం, 4.8 వోల్టుల దగ్గర 3.2. ఇప్పుడు కొన్ని వందల రూపాయలకే దొరికే ఎం.జి.996ఆర్ రకానికి అదే వోల్టుల దగ్గర 9.4 అని వ్రాస్తారు.

పదోవంతు కారు తారు రోడ్డు మీద పరుగెత్తడానికి 6 నుంచి 10 దాకా బలం చాలు. మట్టిలో దూకే ఎనిమిదోవంతు బరువు కార్లకు 15, 20 కావాలి.

వేగం ఎంత?

మా వాడు అసలు చూడనిది ఇదే. సర్వో ఇరుసు 60 డిగ్రీలు తిరగడానికి ఎంత సేపు పడుతుందో అదే దాని వేగం. ఈ అంకె ఎంత చిన్నదైతే అంత మంచిది.

లెక్క వేద్దాం. కారు గంటకు 36 కిలోమీటర్ల వేగంతో పోతున్నదనుకోండి. అంటే సెకనుకు 10 మీటర్లు. వంకర టింకర మలుపులో చక్రాలను ఈ కొస నుంచి ఆ కొసకు తిప్పాలంటే సర్వో సుమారు 60 డిగ్రీలు తిరగాలి. దానికి 0.23 సెకను పడితే, చక్రాలు పూర్తిగా తిరిగేలోపల కారు 2.3 మీటర్లు పోతుంది. 0.10 సెకను పడితే ఒక్క మీటరే! ఆ మీటరూ చిల్లరలోనే గోడ ఉండవచ్చు.

ఒక్క జాగ్రత్త. వోల్టులు పెరిగితే బలమూ వేగమూ రెండూ పెరుగుతాయి. ఇందాకటి ఎస్ 3003 నే చూడండి: 4.8 వోల్టుల దగ్గర బలం 3.2, సమయం 0.23, 6 వోల్టుల దగ్గర బలం 4.1, సమయం 0.19. కనుక రెండు సర్వోలను పోల్చేటప్పుడు ఒకే వోల్టుల దగ్గరి అంకెలు చూడాలి. అంగడివాళ్లు పెట్టె మీద పెద్దగా అచ్చువేసేది ఎక్కువ వోల్టుల అంకెనే.

తిండి ఎంత?

మా వాడి కారు ఎందుకు స్పృహ తప్పిందో ఇప్పుడు చెబుతాను. బలమైన సర్వో గట్టిగా తిప్పేటప్పుడు చాలా విద్యుత్తు లాగుతుంది. ఎం.జి.996ఆర్ రకమే ఎక్కడైనా బిగుసుకుపోతే రెండున్నర ఆంపియర్ల దాకా లాగుతుంది. సర్వోకూ రిసీవరుకూ విద్యుత్తు పంచేది కారులోని స్పీడు కంట్రోలరు. మా వాడి కారులో అది ఇవ్వగలిగింది 2 ఆంపియర్లే. పెద్ద సర్వో పళ్లెంలోదంతా తినేసేసరికి, రిసీవరు పస్తు ఉండి కళ్లు మూసుకున్నది. అంతే! రెండో సర్వో నిజానికి పాడే కాలేదు. ఏనుగును కట్టేసి దోసెడు గడ్డి వేస్తే ఏమవుతుంది? తప్పు ఏనుగుదా?

కర్ణుడి రథం తోలిన శల్యుడికి బలం తక్కువా, నేర్పు తక్కువా? అయినా ఆ జోడీ కుదరలేదు. సారథి రథానికి తగినవాడు కావాలి.

కొనేముందు చూడవలసినవి

పళ్లచక్రాలు లోహానివా, ప్లాస్టిక్‌వా అని అడగండి. పదే పదే గోడలకు కొట్టుకునే కారుకు లోహానివి మేలు. అయితే దెబ్బను తట్టుకునే స్ప్రింగు చెయ్యి కారులో ఉంటే, ప్లాస్టిక్‌వి కూడా చాలా కాలం వస్తాయి. విడి పళ్లచక్రాలు దొరికే రకమైతే, విరిగినప్పుడు సర్వో మొత్తం మార్చనక్కరలేదు.

ఇరుసు తల మీది గాట్లు లెక్కపెట్టండి. కొన్నిటికి 23, కొన్నిటికి 24, కొన్నిటికి 25 ఉంటాయి. మీ కారులోని చేతికి 25 గాట్లు ఉంటే సర్వోకూ 25 ఉండాలి. ఒక్కటి తేడా వచ్చినా అతకదు.

చెయ్యి పట్టుకుని మెల్లగా కదిపి చూడండి. లటలట ఊగితే వద్దు. రేడియోకు తగిలించి, ఎడమకు తిప్పి వదలండి. ఆగినచోట గీత పెట్టండి. కుడికి తిప్పి వదలండి. మళ్లీ అదే గీత దగ్గరకు వస్తే మంచి సర్వో. ఈ పరీక్షలో నెగ్గిన చవక సర్వో, నెగ్గని ఖరీదుదానికన్న మేలు.

బిగించేటప్పుడు, ముందు రేడియో వేసి సర్వోను మధ్యకు తెచ్చి, తరువాతనే చెయ్యి తొడగండి. చక్రాలు పూర్తిగా తిరిగాక సర్వో ఇంకా "జుయ్" మని మూలుగుతుంటే, అది కదలని గోడను నెడుతున్నదన్నమాట. రేడియోలో తిరుగుడు హద్దు కాస్త తగ్గించండి. లేకపోతే వేడెక్కి మాడిపోతుంది.

చివరకు మేము 9 కిలోల బలం, 0.10 సెకను వేగం, లోహపు పళ్లు, 25 గాట్లు ఉన్న సర్వో తెచ్చాం. వెల ముందుదానికన్న తక్కువే. 2 ఆంపియర్లు చాలవు గనుక, పెద్ద సర్వో కొనకుండా మిగిలిన డబ్బుకు మరికొంత వేసి, విద్యుత్తు ఎక్కువ ఇచ్చే స్పీడు కంట్రోలరు వేశాం. పెద్ద సర్వోను వాడు అట్టపెట్టెలో దాచుకున్నాడు, పెద్ద కారు కొన్ననాడు పనికివస్తుందని.

పందెంలో మా వాడు గెలవలేదు. ఎనిమిదిమందిలో నాలుగోవాడుగా వచ్చాడు. కాని ఒక్క మలుపులోనూ కారు ఆగలేదు. ఇంటికి వస్తూ, "నాన్నా! అటక మీద నా కారుకు ఉంచిన చోట్లో మీ పాత పుస్తకాలు పెట్టుకోండి," అన్నాడట.