ప్రకటనకును ఉత్తర్వునకును నడుమ

2021 మార్చి 22వ తేదీన తెలంగాణ శాసనసభయందు నాటి ముఖ్యమంత్రి కె. చంద్రశేఖరరావు ప్రభుత్వోద్యోగుల వేతన సవరణలో 30 శాతము ఫిట్‌మెంటు ప్రకటించినప్పుడు, వైరా దాటి సత్తుపల్లికి పోవు త్రోవనున్న తల్లాడలో పాఠశాలల ఉపాధ్యాయులును, తహసీల్దారు కార్యాలయపు గుమాస్తాలును హర్షించిరనుటలో వింతలేదు. కాని ఆ దినమున వారికి చట్టరీత్యా సంక్రమించిన దేమియు లేదు. బిశ్వాల్ వేతన సవరణ సంఘము చెప్పిన 7.5 శాతము సిఫారసు మాత్రమే యైనట్లు, సభలో పలుకబడిన 30 శాతమును సంకల్పమాత్రమే. మంత్రి దస్త్రముపై వ్రాసిన నిర్ణయము సైతము, గవర్నరు పేరిట ఉత్తర్వై సంబంధితులకు చేరువరకు, ప్రభుత్వమును బంధింపజాలదని సుప్రీంకోర్టు బచ్చిత్తర్ సింగ్ వ్యాజ్యములో 1962లోనే నిర్ణయించియున్నది. రాజ్యాంగపు 166వ అధికరణము కోరునదియు నట్టి రూపమునే. ఆ ఉత్తర్వు, ఉద్యోగుల నోట నానిన జి.ఓ. 51, జూన్ 11న గాని వెలువడలేదు. అంతవరకు ఏ ట్రెజరీ అధికారియు కొత్త స్కేలుతో బిల్లు పాసు చేయజాలడు. చేయకుండుట ఆతని ధర్మము.

ఇచ్చునప్పుడు ఇంత క్రమము పాటించిన ప్రభుత్వము పుచ్చుకొనునప్పు డెట్లు ప్రవర్తించినది? 2020 మార్చి చివర, కరోనా కారణముగా, ఉద్యోగుల జీతములో సగమును, నాలుగవ తరగతివారి జీతములో పదియవ వంతును నిలిపివేసినది. విశ్రాంత ఉద్యోగుల పింఛనులను సైతము విడువలేదు. ఏ చట్టము ననుసరించి యని హైకోర్టు ప్రశ్నించిన పిదప, జూన్ నెలలో, అట్టి కోతకు అధికార మిచ్చు ఆర్డినెన్సు వచ్చినది. కోత ముందు, చట్టము వెనుక! ఖజానా వట్టిపోయిన మాట నిజమే. ఐనను ఆపత్కాలము అధికారమును తనంతట సృష్టింపదు. పొరుగున ఆంధ్రప్రదేశమున ఇట్లే నిలిపిన జీతములను, పింఛనులను సాలుకు 6 శాతము వడ్డీతో చెల్లింపవలెనని 2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. చేసిన పనికి వేతనము ఉద్యోగికి హక్కే గాని ప్రభుత్వ దయ గాదని ఆ తీర్పు స్పష్టపరచినది.

శాసనసభ్యులు తమ జీతభత్యములను 195వ అధికరణము ప్రకారము శాసనముచేతనే నిర్ణయించుకొందురు. ఆ నియమబద్ధతలో కొంతయైనను అటెండరుకును దక్కవలదా? వేతన సవరణను సభలో ప్రకటించు ముఖ్యమంత్రి ఉత్తర్వు వెలువడు తేదీని గూడ ఆ నోటనే చెప్పవలెను. కోత విధింపదలచిన ప్రభుత్వము తదధికార మొసగు శాసనమును గెజెటులో ముందుగా ప్రకటించి, ఆ పిమ్మటనే ట్రెజరీకి ఆదేశ మంపవలెను.