గుమ్మం దాటే ముందు ఒక మాట



ఈ నెల ఒక పల్లెటూరి ఇంటి సంగతితో మొదలుపెడతాను. ఊరి పేరు, మనుషుల పేర్లు మనకు అవసరం లేదు. ఇలాంటి ఇల్లు మీ సంఘంలోనూ ఉండవచ్చు.

ఒక మధ్యాహ్నం పోస్టుమాన్ వచ్చి స్పీడు పోస్టు కవరొకటి ఇచ్చి, ఇంటాయన చేత సంతకం పెట్టించుకొని వెళ్ళాడు. లోపల రెండు పేజీల ఇంగ్లీషు ఉత్తరం. పైన హైదరాబాదు కంపెనీ పేరు, మధ్యలో కొడుకు పేరు, అడుగున 18,000 అనే అంకె. అంతకు మించి ఆయనకు ఒక్క ముక్క అర్థం కాలేదు. "పిల్లవాణ్ణి పోలీసులు పట్టుకుపోతారేమో" అన్న భయంతో తల్లి పొయ్యి మీది అన్నం సంగతే మరచిపోయింది. సాయంకాలం ఇద్దరూ ఆ కవరు పట్టుకొని పాస్టరుగారింటికి వెళ్ళారు. "అయ్యగారూ, మావాడు ఏం తప్పు చేశాడండీ?" అని అడిగారు.

జరిగింది ఇది. అబ్బాయి డిగ్రీ ముగించి, నెలకు 18,000 రూపాయల జీతం మీద మొదటి ఉద్యోగంలో చేరాడు. నలభై రోజులు తిరగకముందే మరో కంపెనీవారు 24,000 ఇస్తాము, సోమవారమే రమ్మన్నారు. శుక్రవారం సాయంత్రం ఎవరికీ చెప్పకుండా హాస్టలుకు వచ్చేశాడు. పాత ఆఫీసు నుండి ఫోను మోగితే ఎత్తలేదు. వారిచ్చిన లాప్‌టాప్ పెట్టెలోనే ఉండిపోయింది. చేరిన రోజున తాను సంతకం చేసిన కాగితంలో, "ప్రొబేషను కాలంలో మానుకోదలిస్తే 30 రోజుల ముందు తెలపాలి, లేదా 30 రోజుల జీతం చెల్లించాలి" అని ఉంది. అది చదవకుండానే సంతకం పెట్టాడు.

ఇందులో మరొక సంగతి ఉంది. అబ్బాయికి ఆ ఉద్యోగం చెప్పి పెట్టించింది సంఘ పెద్ద ఒకాయన మేనల్లుడు. "మా ఊరి పిల్లవాడు, నమ్మకస్థుడు" అని మాట ఇచ్చాడు. అదే ఊరి అమ్మాయి ఒకరు అక్కడ ఇంటర్వ్యూకు వెళ్ళవలసి ఉంది. ఈ అబ్బాయి మాయమైన తర్వాత ఆమెను రానవసరం లేదన్నారు. కంపెనీ ఉత్తరంలో ఈ నష్టం రాయలేదు. ఊరు మాత్రం ఎరుగును.

ముందు భయం సంగతి చూద్దాము. నోటీసు ఇవ్వకుండా ఉద్యోగం మానడం నేరం కాదు, ఒప్పందాన్ని తప్పడం. అందుకు ఎవరినీ జైలులో పెట్టరు. ఇష్టం లేని మనిషి చేత బలవంతంగా ఉద్యోగం చేయించమని కోర్టు కూడా ఆజ్ఞాపించదు. 1963 నాటి స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం ఆ సంగతి చెబుతుంది. అయితే 1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం, మాట తప్పినందువలన కలిగిన నష్టానికి తగిన పరిహారం యజమాని అడగవచ్చు. 2025 మే నెలలో సుప్రీంకోర్టు, మూడేళ్ళ లోపు వెళ్ళిపోతే 2 లక్షలు కట్టాలన్న ఒక ప్రభుత్వ రంగ బ్యాంకు షరతును సమర్థించింది. కనుక సంతకం పెట్టిన కాగితాన్ని ఉత్తి కాగితం అనుకోవద్దు.

లాప్‌టాప్ మాట వేరు. నమ్మి అప్పగించిన వస్తువును తిరిగి ఇవ్వకపోతే అది పోలీసుల దాకా పోగల వ్యవహారం. ఆ పని ఎన్నడూ చేయవద్దు.

ఈ సంగతి విన్నప్పుడు నాకు ఆదికాండము 31వ అధ్యాయములోని యాకోబు జ్ఞాపకం వచ్చాడు. ఇరవై ఏళ్ళు లాబాను దగ్గర పని చేశాడు. జీతం పదిసార్లు మార్చారు. వెళ్ళిపోవడానికి అతనికి తగిన కారణమే ఉంది. అయినా లాబాను గొర్రెల బొచ్చు కత్తిరించడానికి వెళ్ళిన సమయం చూసి చెప్పకుండా బయలుదేరాడు. ఏడు రోజులు తరిమి వచ్చి లాబాను అతణ్ణి గిలాదు కొండలో కలుసుకొన్నాడు. ఆ హడావుడి ప్రయాణంలో లాబాను ఇంటి వస్తువు ఒకటి రాహేలు సామానులో రానే వచ్చింది, అది యాకోబుకు తెలియనే తెలియదు! చివరకు ఇద్దరూ ఎదురుగా కూర్చుని మాట్లాడుకొని, రాళ్ళు కుప్పగా పోసి, సమాధానంగా విడిపోయారు. కారణం న్యాయమైనదైనా చెప్పకుండా బయలుదేరితే వెనుక ఎవరో తరుముతూనే ఉంటారు. మొదటనే కూర్చుని మాట్లాడి ఉంటే ఆ ఏడు రోజుల పరుగు ఎవరికీ ఉండేది కాదేమో!

యౌవనస్థులారా, మంచి అవకాశం వస్తే వెళ్ళడం పాపమేమీ కాదు. వెళ్ళే పద్ధతి ఒకటుంది.

మొదట అపాయింట్‌మెంట్ ఉత్తరం తీసి నోటీసు షరతు చదవండి. ప్రొబేషనులో ఎన్ని రోజులు, పర్మనెంటు అయిన తరువాత ఎన్ని రోజులు అన్నది వేరువేరుగా ఉంటుంది. కొత్త కంపెనీవారు "సోమవారం రండి" అన్నప్పుడు, "నేను పాతచోట ఇన్ని రోజులు ఉండి రావాలి" అని చెప్పండి. మీరు ఇతరులకిచ్చిన మాట నిలబెట్టుకొంటే, రేపు తమకిచ్చిన మాట కూడా నిలబెడతారని వారు గ్రహిస్తారు.

తరువాత పై అధికారికి ముఖాముఖి చెప్పి, అదే రోజున రాజీనామా రాసి పంపండి. తొందరగా విడుదల చేయమని అడగడంలో తప్పు లేదు. ఒప్పుకొంటే ఆ మాట కాగితం మీద తీసుకోండి. తక్కువైన రోజులకు డబ్బు కట్టే వీలుంటే లెక్క చూసుకోండి. నెలకు 18,000 జీతం, 30 రోజుల నోటీసు, పది రోజులు పని చేశారనుకొందాం. మిగిలిన 20 రోజులకు 12,000 అవుతుంది. కొన్నిచోట్ల బేసిక్ జీతం మీదనే లెక్క కడతారు గనుక ఉత్తరంలో ఏమున్నదో చూడాలి. పని మరొకరికి అప్పగించి, వస్తువులు ఇచ్చి రసీదు పుచ్చుకొని, రిలీవింగ్ ఉత్తరం తెచ్చుకోండి. ముందు ముందు ప్రతి ఉద్యోగంలో దానిని అడుగుతారు. పి.ఎఫ్. ఖాతా ఉంటే మీరు ఎక్కడ, ఎప్పటినుండి ఎప్పటివరకు పని చేశారో యు.ఎ.ఎన్. నంబరు మీద కనిపిస్తుంది. కనుక మొదటి ఉద్యోగాన్ని దాచిపెట్టడం కుదరదు.

యజమానులకూ కట్టుబాట్లు ఉన్నాయి. నోటీసు జీతం కోసం మీ పి.ఎఫ్. సొమ్ము పట్టుకొనే హక్కు వారికి లేదు. 2025 నవంబరు 21 నుండి అమలులోకి వచ్చిన వేతనాల కోడ్ ప్రకారం, రాజీనామా చేసినవారికి రావలసిన జీతం రెండు పనిదినాలలో చెల్లించాలి. ఒరిజినల్ సర్టిఫికెట్లు మీ సొత్తు. చేరేటప్పుడు వాటిని అప్పగించకండి, చూపించి జిరాక్సులు ఇవ్వండి.

చెప్పకుండా వెళ్ళడమే సరి అయిన సమయాలూ ఉంటాయి. జీతం ఇవ్వకుండా తిప్పుతున్నా, దొంగ లెక్కలు రాయమన్నా, ఆడపిల్లతో అసభ్యంగా నడుచుకొన్నా, కొట్టినా, గదిలో పెట్టి తాళం వేసినా అక్కడ నోటీసు రోజులు లెక్కపెట్టనక్కరలేదు. ముందు క్షేమంగా బయటపడి, తరువాత కారణం రాసి పంపండి. తల్లిదండ్రులారా, అలాంటప్పుడు "మాట పడిపోతుంది, సర్దుకో అమ్మా" అని బిడ్డను వెనక్కి పంపకండి.

గల్ఫులో బిడ్డలున్న కుటుంబాలకు ఇంకొక మాట. అక్కడి చట్టం వేరు. చెప్పకుండా పని మానేస్తే యజమాని "పారిపోయాడు" అని ఫిర్యాదు చేయవచ్చు, వీసాకే ముప్పు వస్తుంది. దుబాయి, అబుదాబి ఉన్న యు.ఎ.ఇ. దేశంలో 2022 ఫిబ్రవరి నుండి అమలులో ఉన్న చట్టం ప్రకారం, ప్రొబేషనులో ఉన్నవారు ఆ దేశంలోనే మరొక యజమాని దగ్గరకు మారాలంటే నెల రోజుల ముందు, దేశం విడిచి వెళ్ళాలంటే 14 రోజుల ముందు రాతపూర్వకంగా తెలపాలి. కష్టం వస్తే భారత రాయబార కార్యాలయాన్ని ఆశ్రయించవచ్చు.

మన అబ్బాయి సంగతి ముగిస్తాను. పాస్టరుగారు అతనికి ఫోను చేసి, "నాయనా, ముందు ఆ లాప్‌టాప్ తీసుకొని నువ్వే వెళ్ళు" అన్నారు. సిగ్గుపడుతూనే వెళ్ళాడు. తప్పు ఒప్పుకొంటూ ఉత్తరం రాసి ఇచ్చాడు. ఆ నలభై రోజులలో రావలసిన పది రోజుల జీతం, అంటే 6,000, మినహాయించుకొని మిగిలిన 12,000 రెండు వాయిదాలలో కట్టమన్నారు. తండ్రి కట్టబోతే పాస్టరుగారు వారించారు. "వాడి సంతకం, వాడి జీతంలోంచే కట్టనీయండి" అన్నారు. పని చేసిన తేదీలు వేసి కంపెనీవారు ఒక కాగితం ఇచ్చారు. మెచ్చుకోలు మాట అందులో ఒక్కటీ లేదు.

ఆ తరువాతి ఆదివారం ఆరాధన అయిన పిమ్మట అబ్బాయి ఆ అమ్మాయి ఇంటికి వెళ్ళి, ఆమె తండ్రి ఎదుట నిలబడి క్షమించమని అడిగాడు. కంపెనీకి కట్టిన సొమ్ము కన్నా ఈ బాకీ తీర్చడమే అతనికి కష్టమైంది. ఆమెకు ఆ ఉద్యోగం రాలేదు. వేరొకచోట ప్రయత్నిస్తున్నది. ఇప్పుడు ఆమె దరఖాస్తులు ఎక్కడెక్కడ పంపాలో చూసిపెట్టేది ఆ అబ్బాయే.

తల్లిదండ్రులారా, మీ పిల్లలు ఉద్యోగంలో చేరబోతున్నారా? సంతకం పెట్టే ముందు ఆ కాగితం ఇంటికి తెచ్చి, దీపం దగ్గర కూర్చుని, మీకు తెలుగులో చదివి చెప్పమనండి. మీకు ఇంగ్లీషు రాకపోవచ్చు. మాట ఇవ్వడం అంటే ఏమిటో మీకు తెలుసు గదా! అది వాళ్ళకు నేర్పవలసింది మీరే.