రిఫరల్ చీటీకి ముందు లీటరు సెలైన్

షుగర్ వ్యాధి గురించి ప్రభుత్వాలు నోరు తెరిస్తే పరీక్షా శిబిరాల లెక్కలే వినిపిస్తాయి. వ్యాసాలు రాసేవాళ్లు 2023లో ఐసీఎంఆర్ అధ్యయనం చెప్పిన 10.1 కోట్ల మంది రోగుల అంకెను ముందుపెట్టి, అన్నం తగ్గించండి, నడవండి అని హితవు చెప్పి ముగిస్తారు. అర్ధరాత్రి వాంతులతో, ఎగశ్వాసతో, మగతగా ఉన్న మనిషిని ఆసుపత్రి గడప ఎక్కిస్తే మొదటి గంటలో ఏం జరగాలన్నది మాత్రం ఎవరికీ పట్టదు.

ఆ గంటకు వైద్యం ఒక అంకె ఇచ్చింది. పెద్దవాళ్లకు సుమారు ఒక లీటరు నార్మల్ సెలైన్. షుగర్ ఉన్న మనిషి అలా వస్తే అనుమానించాల్సింది డయాబెటిక్ కీటోఅసిడోసిస్‌ను. అందులో ఇన్సులిన్ చాలక ఒంట్లోని కొవ్వు కరిగి, కీటోన్లు పుట్టి రక్తం ఆమ్లమవుతుంది. చక్కెరతో పాటు నీరూ మూత్రంలో కొట్టుకుపోతుంది. అలా ఐదారు లీటర్లు పోగొట్టుకుని వచ్చిన మనిషికి ముందు పడాల్సింది సెలైనే. ఇన్సులిన్‌కు ముందు పొటాషియం చూడాలి. అది లీటరుకు 3.5 మిల్లీమోల్స్ కంటే తక్కువుండగా ఇన్సులిన్ ఇస్తే ఇంకా పడిపోయి గుండె లయ తప్పుతుంది. చిన్న ఆసుపత్రిలో రాత్రిపూట ఆ పరీక్ష కుదరకపోవచ్చు. సెలైన్‌ను ఆపడానికి మాత్రం అది సాకు కాదు.

1922లో మనుషులకు ఇన్సులిన్ ఇవ్వడం మొదలయ్యేదాకా ఈ స్థితికి చేరినవాళ్లు దాదాపు అందరూ చనిపోయేవారు. ఇప్పుడు సరైన చికిత్స అందేచోట పెద్దవాళ్లలో మరణాలు నూటికి ఒకటి లోపే. అందని చోట పోయే ప్రాణాన్ని 'షుగర్ ఎక్కువై పోయాడు' అంటూ రోగి ఖాతాలోనే రాసేస్తున్నాం.

గుండె, కిడ్నీ జబ్బులున్నవాళ్లకు, పిల్లలకు లీటరు లెక్క పనికిరాదు, నిజమే. అక్కడ మోతాదు డాక్టరు ఆచితూచి నిర్ణయించాలి. ఆ కారణం చూపి మిగతా అందరినీ సూది కూడా గుచ్చకుండా పెద్దాసుపత్రికి తరిమేయడం వైద్యం కాదు. షుగర్ ఉన్నవాళ్లకు సెలైన్ ఎక్కించకూడదన్న భయం ఊళ్లలో ఇంకా ఉంది. నార్మల్ సెలైన్‌లో ఉండేది ఉప్పునీరు, చక్కెర కాదు. కడుపునొప్పి, వాంతులు అనగానే గ్యాస్ మాత్ర ఇచ్చి పంపే అలవాటు ఇంకా ప్రమాదం. మూత్రంలో కీటోన్లు చూసే పట్టీ ఒక్కటి వాడితే నిమిషంలో అనుమానం తేలుతుంది.

2005 ఆగస్టు 15న 108 అంబులెన్స్ సేవను మొదలుపెట్టి దేశానికి దారి చూపిన తెలుగు నేల ఇది. బండి వేగం గురించి ఇన్నేళ్లుగా మాట్లాడుతున్నాం. బండి ఎక్కేముందు చేతికి సెలైన్ పెట్టారా అని అడగడం లేదు. రెండు తెలుగు రాష్ట్రాల ఆరోగ్యశాఖలూ ఇంకో శిబిరానికి రిబ్బన్ కత్తిరించే ముందు ప్రతి రిఫరల్ చీటీలో రెండు గడులు చేర్చాలి: సెలైన్ ఎన్ని గంటలకు మొదలైంది, బండి ఎక్కేలోపు ఎంత ఎక్కింది. కారణం రాయకుండా ఆ గడులు ఖాళీగా వదిలిన ఆసుపత్రి నుంచి మర్నాడే సంజాయిషీ తీసుకోవాలి.