దోషానికి లెక్క, మనిషికి మరుగు

నాడి చూడకుండా మందిచ్చే వైద్యుణ్ణి మనం నమ్మం. కాని కంప్యూటర్ విషయంలో మాత్రం అనుదినం ఆ పనే చేస్తున్నాం. తెలుగులో టైపు చేస్తుండగా ఒక అక్షరం రెండుసార్లు పడినా, ఒత్తు తప్పినా, ఉర్దూ పదంలో ఒక అక్షరం విడిపోయినా, "సిస్టమ్ బాగా లేదు" అని ఒక్క మాట అనేసి పక్క కంప్యూటర్ దగ్గరికి వెళతాం. ఒకరు కీబోర్డు మార్చమంటారు; మరొకరు సాఫ్ట్‌వేర్ తీసివేసి మళ్ళీ వేయమంటారు. దోషం ఎక్కడ పుట్టిందని అడిగేవారు అరుదు. అది తెలియాలంటే, మన చేతినుండి యంత్రానికి ఏమి అందిందో ముందుగా నమోదు కావాలి. మీట నొక్కడం, వదలడం, మౌస్ కదపడం వంటి ప్రతి చర్యను కాలంతో సహా వరుసగా రాసిపెట్టే ఈ పద్ధతి డీబగ్గింగ్ విద్యకు తొలిమెట్టు. ఈ విద్యను మన విద్యార్థులకు నేర్పాలి. అయితే నేర్పిన రోజునే దానికి హద్దు కూడా గీయాలి. ఈ రెండింటిలో ఏ ఒక్కటి విడిచినా ప్రమాదమేనని నా అభిప్రాయం.

ముందుగా ఈ నమోదు స్వరూపమేమిటో చూద్దాం. లైనక్స్ వ్యవస్థలో మీట నొక్కిన ప్రతిసారీ ఒక చిన్న లెక్క పుడుతుంది. అందులో సమయం, చర్య రకం, మీట సంఖ్య, విలువ అనే నాలుగు అంశాలుంటాయి. నొక్కితే విలువ 1, వదిలితే 0, అదిమి పట్టుకుంటే 2. ఇంగ్లీషు 'కె' ముద్రించిన మీట సంఖ్య 37. గమనింపదగిన విషయమేమంటే, ఆ దశలో యంత్రానికి భాష తెలియదు. ఇన్‌స్క్రిప్ట్ తెలుగు అమరికలో ఆ 37 'క' అవుతుంది. ఉర్దూ ఉచ్చారణానుసార అమరికలో 'కాఫ్' అవుతుంది. మీట ఒకటే, దానికి లిపిని తొడిగేది పైనున్న మరొక అంతస్తు.

ఇప్పుడు 'క' ఒకసారి నొక్కితే రెండుసార్లు పడిందనుకుందాం. నమోదు తెరిచి చూస్తే, కొద్ది మిల్లీసెకన్ల వ్యవధిలో నొక్కినట్లు, వదిలినట్లు, మళ్ళీ నొక్కినట్లు కనిపించవచ్చు. మనిషి వేలికి అంత వేగం అసాధ్యం. కనుక తప్పు అరిగిన మీటది. అట్లా కాక, నమోదులో ఒకే నొక్కు ఉండి తెరపై రెండు అక్షరాలుంటే, కీబోర్డు నిర్దోషి, తప్పు సాఫ్ట్‌వేర్‌ది. డబ్బు పెట్టి కొత్త కీబోర్డు కొనవలసిన అవసరం ఉన్నదో లేదో రెండు నిమిషాలలో తేలిపోతుంది. పైగా, అట్లాంటి నమోదు దస్త్రాన్ని వేరొక కంప్యూటర్‌పై తిరిగి నడిపించే సాధనాలున్నవి. సిద్దిపేటలో వచ్చిన తప్పును మరొక ఖండంలోని నిపుణుడు తన బల్లముందే అదే వరుసలో చూడగలడు.

మన భాషలకు ఈ విద్య మరింత అవసరమని చెప్పడానికి 2018 ఫిబ్రవరి నాటి ఉదంతం చాలు. 'జ్ఞా' అనే తెలుగు అక్షరం వస్తే ఐఫోన్లు స్తంభిస్తున్నవని ప్రపంచమంతటా వార్త పాకింది. సందేశం తెరవగానే ఆ యాప్ మూతపడేది. నోటిఫికేషన్‌గా వస్తే ఫోను ముఖపత్రమే కుప్పకూలేది. తెలుగు అక్షరమే దోషి అన్నట్లు కొందరు హాస్యమాడారు. నిజానికి మనం నిత్యం రాసే 'జ్ఞా' వల్ల ఏ ప్రమాదమూ లేదు. ఆ సందేశంలో జ, పొల్లు, ఞ, దీర్ఘం అనే నాలుగు సంకేతాలతోపాటు, దీర్ఘానికి ముందు కంటికి కనిపించని ఐదవ సంకేతం ఒకటి దాగి ఉన్నది. జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే ఆ చిహ్నం అక్షరాల కలయికను ఆపడానికి వాడేది. అటువంటి వరుసే బెంగాలీ, దేవనాగరి లిపులలోనూ అదే కీడు చేసింది. ఆపిల్ సంస్థ ఫిబ్రవరి 19న ఐఓఎస్ 11.2.6 విడుదల చేసి దానిని సరిదిద్దింది. తెరకు ఎన్ని ఫొటోలు తీసినా ఆ ఐదవ సంకేతం దొరకదు. ఏ సంకేతం తరువాత ఏది వచ్చిందో చెప్పే వరుస ఒక్కటే దానిని పట్టిస్తుంది.

ఉర్దూకూ ఇటువంటి చిక్కే ఉన్నది. అరబ్బీ 'కాఫ్'కు, ఉర్దూ 'కాఫ్'కు యూనికోడ్‌లో వేర్వేరు సంఖ్యలు. 'యే' అక్షరం సంగతీ అంతే. పదం మొదట్లో అవి కంటికి ఒకటే. యంత్రానికి మాత్రం రెండు. అరబ్బీ అమరికతో ఒకరు, ఉర్దూ అమరికతో ఒకరు ఒకే పేరును టైపు చేస్తే, వెతికినప్పుడు ఒకటి దొరికి మరొకటి దొరకకపోవచ్చు. 2017లో తెలంగాణ యావత్తుకు ఉర్దూ రెండవ అధికార భాష అయింది. హోదా వచ్చినంత మాత్రాన దస్త్రాలలో పేర్లు కలవవు. ఏ మీట ఏ సంకేతాన్ని పుట్టించిందో తెలిసిన యువకులు తయారైననాడే కలుస్తవి.

ఇది మన సంప్రదాయాలకు కొత్త దృష్టి కాదు. వేమన పద్యాలను 1829లో అచ్చువేయడానికి ముందు సి.పి. బ్రౌన్ పలు ప్రతులను సేకరించి సరిపోల్పించారు. లేఖకుని చేయి ఎక్కడ జారిందో తెలుసుకోవడమే పాఠపరిష్కరణ. హదీసు విద్వాంసులు ఒక మాట ఎవరినుండి ఎవరికి చేరిందో ఆ గొలుసునంతా పరిశీలించిన తరువాతనే ప్రామాణ్యాన్ని నిర్ణయించారు. మూలందాకా వెళ్ళి తప్పును వెతకడమనే గుణం ఈ రెండు భాషల విద్యార్థులకూ వారసత్వమే.

ఇక హద్దు సంగతి. తప్పును పట్టించే సాధనమే మనిషి గుట్టునూ పట్టివ్వగలదు. మీటల వరుసలో వ్యాసం మాత్రమే ఉండదు. పాస్‌వర్డు ఉంటుంది, ఓటీపీ ఉంటుంది, తల్లికి రాసిన ఉత్తరమూ ఉంటుంది. 2017 మే నెలలో స్విట్జర్లాండుకు చెందిన మోడ్‌జీరో సంస్థ ఒక సంగతి బయటపెట్టింది. కొన్ని హెచ్‌పీ ల్యాప్‌టాప్‌లలో కోనెక్సంట్ సంస్థ తయారుచేసిన శబ్ద సాఫ్ట్‌వేర్, వాడుకరి నొక్కిన ప్రతి మీటనూ అందరికీ అందుబాటులోనున్న ఫోల్డరులో బాహాటంగా రాసిపెడుతున్నది. మైకు మీట నొక్కారా లేదా అని తెలుసుకోవడం దాని అసలు పని. పరీక్షల కోసం పెట్టిన నమోదును తొలగించకుండానే అమ్మకానికి పంపారు. అదే ఏడాది డిసెంబరులో సినాప్టిక్స్ టచ్‌ప్యాడ్ సాఫ్ట్‌వేర్‌లోనూ ఇటువంటి నమోదు అవశేషం బయటపడింది. కాకపోతే అది నిద్రాణస్థితిలో ఉన్నది. దురుద్దేశం లేకుండానే, కేవలం అలక్ష్యం చేత, డీబగ్గింగ్ గూఢచర్యంగా మారగలదని ఈ రెండూ చాటుతున్నవి.

దీనికి భిన్నమైన మర్యాద కూడా ఉన్నది. లైనక్స్‌లోని 'లిబ్‌ఇన్‌పుట్ రికార్డ్' అనే సాధనం అక్షరాల మీటలన్నింటినీ ఒకే మీటగా మార్చి రాస్తుంది. అసలు మీటలు కావాలంటే వాడుకరి ప్రత్యేకంగా కోరాలి. విండోస్ 7తో 2009లో వచ్చిన స్టెప్స్ రికార్డర్ ఎక్కడ క్లిక్ చేశారో రాసేది గాని టైపు చేసిన మాటలను రాసేది కాదు. సాధనాన్ని నిర్మించినవారే సంయమం పాటించినప్పుడు, వాడే మనకు ఆ సంయమం ఉండవద్దా?

విద్యార్థులపై కన్నేసి ఉంచడానికి కళాశాలల కంప్యూటర్లలో మీటల నమోదును శాశ్వతంగా నడపడం మంచిదని వాదించేవారున్నారు. క్రమశిక్షణ అవసరమే, కాదనను. కాని ఏ వెబ్‌సైట్లు తెరవవచ్చునో నియంత్రించడానికి నెట్‌వర్క్ స్థాయిలో వేరే మార్గాలున్నవి. అందుకు మీటలు లెక్కించనక్కరలేదు. దోస్త్ ద్వారా డిగ్రీ ప్రవేశానికి, ఈపాస్ ద్వారా ఉపకారవేతనానికి దరఖాస్తు నింపే పేద విద్యార్థికి చాలాసార్లు ల్యాబే దిక్కు. ఇంటిలో కంప్యూటర్ ఉన్నవాడికి గోప్యత దక్కి, లేనివాడికి దక్కకపోవడం న్యాయమా? గోప్యత ప్రాథమిక హక్కు అని 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం తేల్చింది. పవిత్ర ఖుర్‌ఆన్ 'హుజురాత్' సూరా ఇతరుల రహస్యాలను కూపీలాగడాన్ని నిషేధించింది. చట్టమూ ధర్మమూ ఒకే మాట చెబుతున్నప్పుడు మనకు సంశయం దేనికి?

కావున కళాశాల కమిటీ పెద్దలకు నా మనవి ఇది. ల్యాబులో తెలుగు, ఉర్దూ భాషలలో ఒక దోషాల రిజిస్టరు ఉంచాలి. తప్పు కనిపించినప్పుడు మాత్రమే, విద్యార్థికి చెప్పి, అతని సమ్మతితో, అతని ఎదుటనే నమోదు జరగాలి. సొంత ఖాతాలన్నీ మూసి, పరీక్షకోసం కేటాయించిన వాక్యాన్నే టైపు చేయించాలి. తప్పు దొరికిన తరువాత నమోదు దస్త్రాన్ని చెరిపివేసి, దాని కారణాన్ని, నివారణను మాత్రమే రిజిస్టరులో రాయాలి. ఈ నియమాలను రెండు భాషలలోనూ గోడమీద అతికించాలి. వీటికయ్యే ఖర్చు ఒక పుస్తకం, రెండు కాగితాలు.

విద్యార్థులారా! "సిస్టమ్ బాగా లేదు" అన్న మాటతో తృప్తిపడకండి. ఏమి నొక్కారు, ఏమి రావాలి, ఏమి వచ్చింది అని మూడు పంక్తులు రాయడం నేడే అలవరచుకోండి. రేపు మీలో కొందరు ఇతరుల కంప్యూటర్లను బాగుచేసే ఉద్యోగాలలో ప్రవేశిస్తారు. అప్పుడు ఎదుటివారి మీటల వరుస మీ చేతికి వస్తుంది. అందులో తప్పును మాత్రమే చదవండి; మనిషిని చదవకండి.